జ్వరం లెక్కను జ్వరానికే ఉండనివ్వండి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ



నేను ములకలపల్లి మండలం మనిషిని. మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సొంత పనైతే సోమవారం ప్రజావాణికి వచ్చి అర్జీ రాయించుకుని వరసలో కూచునేవాణ్ణి. ఇది అలాంటిది కాదు. నేనడగబోయేదానికి వైద్య శాఖ ఒక్కటే తలూపితే చాలదు, అటవీ శాఖా పోలీసు శాఖా కూడా ఒప్పుకోవాలి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏతో సహా ఈ శాఖలన్నీ ఒకే గదిలో కూచుని మాట వినేది మీ ముందే. అందుకని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మలేరియాకు ఒక లెక్క ఉంది. ఏడాది మొత్తంలో తేలిన కేసులు పైన, అక్కడి జనాభా కింద. వెయ్యితో గుణిస్తే ఏపీఐ. ఆ అంకె ఒకటికి లోపుంటే ఒక రకం పని, రెండు దాటితే ఇంకో రకం. గోడలకు మందు ఎక్కడ కొట్టాలి, దోమతెరలు ఎన్ని కావాలి, ర్యాపిడ్ కిట్లు ఏ సబ్‌సెంటరుకు ఎన్ని పంపాలి, అంతా దాని మీదే నడుస్తుంది. సమీక్ష ఏ జిల్లాలో జరిగినా మాటలన్నీ పై అంకె చుట్టూ తిరుగుతాయి. కేసులు ఎందుకు పెరిగాయి, ఎవరి ఏరియాలో పెరిగాయి అంటూ. కింది అంకె జోలికి పోయేవాళ్లు తక్కువ. నా ఉత్తరమంతా ఆ కింది అంకె గురించే.

మన మండలం అడవుల్లో, చుట్టుపక్కల చంద్రుగొండ, పాల్వంచ, అశ్వాపురం, అవతల దుమ్ముగూడెం, చర్ల అడవుల్లో గొత్తికోయల గూడేలున్నాయి. వాటిల్లో ఎంతమంది ఉన్నారంటే అడిగినవాణ్ణి బట్టి, అడిగిన నెలను బట్టి జవాబు మారుతుంది. మిర్చి కోతలప్పుడు ఒక అంకె, వాగులు పొంగాక ఒక అంకె. గుడిసెలు లెక్కపెట్టే శాఖది ఒకటి, బియ్యం పంచే సంస్థది ఇంకొకటి. భాగించాల్సిన అంకే ఇట్లా జారుతుంటే, వచ్చిన ఏపీఐని పట్టుకుని ఏ ఊరికి ఏం చెయ్యాలో ఎలా తేలుస్తాం?

ఈ గొత్తికోయలు ఎందుకు వలస వచ్చారో జిల్లాకు కొత్తగా వచ్చే అధికారులకు ఎవరో ఒకరు చెప్పాలి. 2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. రోడ్డు పక్క శిబిరాల్లోకి రమ్మన్నది ఒక పక్షం, పోతే ద్రోహులవుతారన్నది రెండో పక్షం. ఆ రెంటికీ చిక్కకుండా బతకాలనుకున్న మురియా కుటుంబాలు, ఇక్కడ మనం గొత్తికోయలంటున్నవాళ్లు, వాగులూ గుట్టలూ దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి చేరాయి. అక్కడ వాళ్లు షెడ్యూల్డు తెగ. ఇక్కడ ఆ గుర్తింపు లేదు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగానికి విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చాక కూడా చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అప్పుడు చంకనెక్కి వచ్చిన పిల్లలు ఇప్పుడు తల్లులూ తండ్రులూ అయ్యే ఈడుకొచ్చారు.

ఆ పోరు మన గుమ్మం ముందు నుంచి ఇప్పటికీ పూర్తిగా కదల్లేదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో ములుగు సరిహద్దులో కర్రెగుట్టల మీద మూడు వారాల పాటు వేలమంది బలగాలు మోహరించాయి. 2026 మార్చి 31 కల్లా మావోయిస్టు ఉద్యమాన్ని తుదముట్టిస్తామని కేంద్రం గడువు పెట్టింది. దీన్ని యుద్ధమనాలా శాంతిభద్రతల సమస్య అనాలా అన్న వాదన నాకక్కర్లేదు. జ్వరాలు చూసేవాడికి ఏదైనా ఒకటే. మనుషులు ఉన్నచోట ఉండరు, ఎక్కడున్నారో చెప్పరు, చెప్పినా నిజం చెప్పరు. తుపాకీ మోత ఆగినంత మాత్రాన అది కూడా ఆ రోజే ఆగిపోదు. ఇరవై ఏళ్లుగా అలవాటైన భయం అది.

ఈ అడవిలో జ్వరమూ పోరూ కలిసి తిరగడం కొత్తేమీ కాదు. 1879లో రంప పితూరీని అణచడానికొచ్చిన సిపాయిలను మన్యం జ్వరం మంచాన పడేసింది. 1948 తర్వాత గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఉంది. బస్తర్‌లో పహారా కాసిన కేంద్ర బలగాల జవాన్లు మలేరియాతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2021 జూన్‌లో మావోయిస్టు పార్టీ తెలంగాణ కార్యదర్శి హరిభూషణ్ కోవిడ్ లక్షణాలతో అడవిలోనే చనిపోయాడని ఆ పార్టీయే ప్రకటించింది. మలేరియాకైతే పక్షాల్లేవు. ఇటువాణ్ణీ అటువాణ్ణీ ఇద్దరి మధ్య నలిగే పిల్లనూ కుట్టేది అదే ఎనాఫిలిస్ దోమ.

మా విభాగంలో పీఎఫ్, పీవీ అంటాం. పీఎఫ్ అంటే ఫాల్సిపారం. దోమ కుట్టిన పది, పన్నెండు రోజులకు జ్వరం తగులుతుంది. ఆలస్యం చేస్తే మెదడుకెక్కుతుంది, చిన్నపిల్లలయితే ఒకటి రెండు రోజుల్లోనే చెయ్యి దాటిపోతారు. పీవీ అంటే వైవాక్స్. ఇది చంపడం తక్కువ, సతాయించడం ఎక్కువ. కాలేయంలో నక్కి, నెలలు గడిచాక మళ్లీ లేస్తుంది. దాన్ని వేళ్లతో సహా పీకాలంటే 14 రోజులు ప్రైమాక్విన్ మింగాలి. రెండో రోజుకే జ్వరం దిగినవాడు పద్నాలుగో రోజు దాకా మాత్ర మింగాలంటే ఎవరో ఒకరు రోజూ వెళ్లి మింగావా అని అడగాలి. ఆ మనిషి ఈలోపు పోడు చేలోకో, కూలికో, సరిహద్దు దాటి చుట్టాలింటికో పోతే? సగంలో వదిలేసిన కోర్సు లెక్కల్లో పూర్తయిన కోర్సులాగే కనబడుతుంది. దోమ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు సులువుగా ఎగురుతుంది. గూడెంలో మనం చూడకుండా వదిలేసిన జ్వరం శ్రావణం నాటికి కింది ఊళ్లో తేలుతుంది. అప్పుడు అందరూ పరుగెత్తుతాం.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా, ఎనిమిది లక్షల మరణాలు అని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. ఎన్‌ఎంఈపీ అన్న ఆ కార్యక్రమం పొడి అక్షరాలు ఊళ్లలో పాత గోడల మీద చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. పదిహేను రోజులకోసారి వర్కరు ఇంటింటికీ పోయి ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడిగి, వచ్చినవాళ్ల వేలు పొడిచి స్లైడు తీసి, గోడ మీద తేదీ వేసి వచ్చేవాడు. గోడలకు కొట్టిన మందూ ఆ పనీ కలిసే 1960ల మధ్యకల్లా కేసులు లక్షకు దిగాయి. ఇంకేముందిలే అని చెయ్యి సడలించేసరికి 1976లో 64 లక్షలు దాటాయి. ఇప్పుడు మళ్లీ దిగాం. 2015లో 11.69 లక్షలు, 2023లో 2.27 లక్షలు. మరణాలు 384 నుంచి 83కు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిక భారం మోస్తున్న దేశాల జాబితాలోంచి మన దేశాన్ని తీసేసింది. 2027 నాటికి స్థానికంగా ఒక్క కేసూ పుట్టకూడదని, 2030కి నిర్మూలన ముద్ర పడాలని లక్ష్యం. సంతోషమే. ఇందులో నా ఉద్యోగకాలం చెమట కూడా కొంత ఉంది. అయితే సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మిగిలిన కేసులు రోడ్డు మీద దొరకవు. బండి పోని చోట, పేరు చెప్పడానికి జంకే మనుషుల ఒంట్లో ఉంటాయి.

గొత్తికోయ గూడేల్లో తేదీ వెయ్యడానికి గోడ సరిగ్గా ఉండదు. కర్రలూ ఆకులూ పైన మెత్తిన మట్టీ. మందు కొట్టిన నెలకే పండగొచ్చి ఇల్లు మళ్లీ అలికితే ఆ మందు మట్టి కింద ఉండిపోతుంది, దోమ మట్టి పైన వాలుతుంది. చేను కాపలాకు మంచె మీద పడుకునేవాడికి ఇంట్లో కట్టిన తెర ఉపయోగం లేదు. అన్నిటికీ మించి, గూడెమే కదిలిపోతుంది. ఆనాటి ఖమ్మం జిల్లాలో అటవీ సిబ్బంది ఇలాంటి గూడేలను పదేపదే తొలగించిన సంగతి హ్యూమన్ రైట్స్ వాచ్ 2008 నివేదికలో ఉంది. అడవిని కాపాడే బాధ్యత అటవీ శాఖది, కాదనను. కాని ఒక గూడేన్ని పీకేస్తే మలేరియా పటంలో ఒక చుక్క చెరిగిపోయి ఇంకెక్కడో పడుతుంది. ఎక్కడ పడిందో తెలుసుకోవడానికి మాకు ఒక వానాకాలం పోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆశా కార్యకర్త గూడెంలోకి పోయి ఏమడుగుతుంది? ఇంటిపేరేంటి, ఎంతమంది ఉంటారు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎన్నాళ్లయింది, ఈ మధ్య ఛత్తీస్‌గఢ్ పోయొచ్చారా, ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా. మలేరియా సోకిందెక్కడో తేల్చాలంటే ఈ ప్రశ్నలన్నీ కావాలి. అటవీ శాఖ బీట్ ఆఫీసరు అడిగేవీ ఇవే. పోలీసులు అడిగేవీ ఇవే. చేతిలో రిజిస్టరు, జేబులో పెన్ను, ఇప్పుడు ఫోన్లో ఫోటో, లొకేషన్. అవతలి మనిషికి ముగ్గురిలో తేడా ఎలా తెలియాలి? తెలిసినా, రాసుకున్న కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోదని నమ్మకమేంటి?

2022 నవంబరు 22న చంద్రుగొండ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు గారిని బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో మొక్కల విషయమై జరిగిన గొడవలో నరికి చంపారు. ఘోరం జరిగింది. విధి నిర్వహణలో పోయిన మనిషి ఆయన. చేసినవాళ్లకు కోర్టు యావజ్జీవం వేసింది. కాని ఈలోపే గొత్తికోయలందరినీ వెనక్కి పంపెయ్యాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. ఆ నెలలో మన అడవుల్లో ఏ గూడెంలోనైనా ఎవరైనా కిట్టు పట్టుకుని వచ్చి వేలు చాపమంటే ఎవరు చాపుతారు? జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి దుప్పటి కింద దాచిపెడతారు. ఇంట్లో ఎంతమందంటే ఇద్దరు అంటారు. కింది అంకె పాడయ్యేది ఇలాగే.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2011లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో షకీల్ అఫ్రిదీ అనే డాక్టరు చేత హెపటైటిస్ బీ టీకాల కార్యక్రమం పెట్టించింది. సంగతి బయటపడ్డాక టీకా సంచి భుజానున్న ప్రతి మనిషీ గూఢచారే అనిపించుకున్నాడు. 2012 డిసెంబరు నుంచి పోలియో చుక్కలేసేవాళ్లను కాల్చి చంపడం మొదలైంది, తొలి దాడుల్లో పోయినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. 2014లో పాకిస్తాన్‌లో 306 పోలియో కేసులు తేలాయి. టీకా కార్యక్రమాలను ఇకమీదట గూఢచర్యానికి వాడబోమని అమెరికా అధ్యక్ష భవనం అదే ఏడాది మాటిచ్చింది. పోయిన నమ్మకం దాంతో తిరిగి రాలేదు. తీవ్రవాదులే చంపారు, నిజమే. వాళ్లకు ఆ సాకు అందించింది మాత్రం రెండు పనులకు ఒకే సంచి వాడినవాళ్లు.

మన జిల్లాలో అంతటి పని ఎవరూ చేశారనడం లేదు. చెయ్యకముందే అడ్డుకట్ట వెయ్యమంటున్నాను. గూడేల్లో వైద్య శాఖ రాసుకునే పేర్లు, అంకెలు, దారులు, గూడెం పటాలు, వీటిని అటవీ శాఖ గాని, పోలీసులు గాని, రెవెన్యూ గాని అడగకూడదని, అడిగినా ఇవ్వకూడదని మీ సంతకంతో ఒక ఉత్తర్వు కావాలి. ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉండాలి. ఆ రిజిస్టరు ఎవరి నివాసానికీ రుజువు కాదు. తొలగించడానికీ పనికిరాదు, పట్టా అడగడానికీ పనికిరాదు. ఈ రెండోది ఎందుకంటున్నానంటే, మా కోయ పెద్దలకు వేరే అనుమానం ఉంది. వలసవచ్చినవాళ్ల పేర్లు సర్కారు పుస్తకంలోకి ఎక్కితే రేపు భూమి దగ్గర, రిజర్వేషను దగ్గర తమకు పోటీ అవుతుందని. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఆదివాసీ భూమి చేతులు మారిన చరిత్ర వాళ్ల కళ్లముందే ఉంది. ఆ తగాదాను తేల్చే చోటు వేరు. అది తేలేదాకా జ్వరం ఆగదు కదా.

పోలీసులు అటవీ గ్రామాల్లో వైద్య శిబిరాలు పెడుతుంటారు, తెరలు పంచుతుంటారు. పట్నం నుంచి డాక్టర్లు వస్తారు, మాత్రలిస్తారు, భోజనం పెడతారు. మందు ఎవరిచ్చినా మందే. కాని దాన్ని జ్వరాల పర్యవేక్షణ కింద జమ కట్టకండి. శిబిరానికి వచ్చేది పోలీసుల ముందు నిలబడటానికి జంకనివాళ్లు. మనకు కావలసింది జంకేవాళ్ల రక్తపూత. పైగా శిబిరం ఒకరోజు వ్యవహారం. జ్వరం చూడాల్సింది వారం వారం. ఇంకో మాట, మావోయిస్టు దళానికి మందులు మోస్తున్నాడన్న అనుమానం రాకుండా మాత్రల పట్టీలు జేబులో పెట్టుకుని నడవగలిగే హక్కు గూడెంలోని జ్వరం కార్యకర్తకు ఉండాలి. దానికి గుర్తింపు కార్డు ఒకటి వైద్య శాఖే ఇవ్వాలి, మీ ముద్రతో.

2024 జూలైలో ములుగు జిల్లా వైద్యాధికారి అప్పయ్యగారు వాగులు దాటి, గుట్టలెక్కి వాజేడు మండలం పెనుగోలుకు నడిచిపోయారు. పత్రికలన్నీ రాశాయి. ఆయనకు దండం పెట్టాను. అలాగే ఒక దిగులూ కలిగింది. జిల్లా అధికారి నడిస్తే వార్త అయ్యేచోట, మామూలు రోజుల్లో ఎవరు నడుస్తున్నట్టు? నెలకు నాలుగుసార్లు, పేపర్లో పడకుండా, ఎవరు పోతున్నారన్నదే నేనడిగేది.

పోవాల్సింది బయటివాళ్లు కాదు. ఆశా నిబంధనల్లోనే ఉంది. మామూలుగా వెయ్యిమందికి ఒకరు, ఆదివాసీ కొండ ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరిని పెట్టుకోవచ్చు. చదువు నిబంధనను కూడా సడలించుకోవచ్చు. కాబట్టి కొత్త చట్టం అక్కర్లేదు. గూడెంలోంచే ఒక ఆడమనిషిని ఎంచుకోమనండి. అక్షరాలు రాకపోయినా ర్యాపిడ్ కిట్టు మీద గీత ఒకటా రెండా చూడగలదు. నెగెటివ్‌కు ఒక గింజ, పాజిటివ్‌కు ఇంకో రంగు గింజ డబ్బాలో వెయ్యమనండి. వారానికోసారి ఏఎన్‌ఎం పోయి గింజలు లెక్కపెట్టి రాసుకుంటుంది. పేర్లు అక్కర్లేదు. ఇంటికో నంబరు చాలు, అదీ గూడెం వాళ్లకు మాత్రమే తెలిసినది. ఊళ్లోని కోయ ఆశాలకు గొత్తికోయల మాట చాలావరకు తెలుస్తుంది, నేర్పించే పని వాళ్లకివ్వండి. పాజిటివ్‌కు ఇంత అని ఇచ్చే ప్రోత్సాహకాన్ని నెలలు నెలలు బాకీ పెట్టకండి. కిట్టుకు గడువు తేదీ ఉంటుంది, ఎండలో పెడితే పాడవుతుంది. ఆ సంగతి స్టోరువాళ్లకు ఒకసారి గుర్తుచెయ్యండి.

దేశంలో రోగాల సమాచారానికి 2004 నుంచి ఐడీఎస్‌పీ ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఐహెచ్ఐపీ అని ఊరి స్థాయి దాకా కంప్యూటరులో ఎక్కించే పద్ధతి వచ్చింది. మంచిదే. అయితే రెవెన్యూ జాబితాలో లేని గూడేన్ని కంప్యూటరు ఎరగదు. అక్కడి కేసు దగ్గరి ఊరి పేరు కిందికి పోయి కలిస్తే ఊరివాళ్లు బెదురుతారు, గూడెం బాగుపడదు. వైద్య శాఖ సొంతానికి గూడేలకు గుర్తు సంఖ్యలు ఇచ్చుకోవచ్చు. సిగ్నలు లేని చోట ఎలాగంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ యుద్ధప్రాంతాల కోసం ఒక పెట్టె తయారుచేసింది. ఫోన్లు, ల్యాప్‌టాపు, సోలారు, ఇంటర్నెట్ లేకపోయినా నడిచే సర్వరు. ఒక్క పెట్టెతో 50 క్లినిక్కులు, దాదాపు 5 లక్షల జనాభా. దక్షిణ సూడాన్‌లో, ఈశాన్య నైజీరియాలో వాడారు. మనకు అంత కూడా వద్దు. డబ్బాలో గింజలు, నడవగలిగే ఏఎన్‌ఎం, ఆమెకు బండి పెట్రోలు డబ్బులు.

ఇక్కడే సిరియా సంగతి చెప్పాలి. అంతర్యుద్ధంలో ఆ దేశంలో రోగాల లెక్క రెండుగా చీలింది. డమాస్కస్ ప్రభుత్వానిది ఒకటి, తిరుగుబాటు ప్రాంతాల కోసం టర్కీలోని గాజియాంటెప్ నుంచి వైద్యులు నడిపింది ఇంకొకటి. 2013లో దెయిర్ ఎజ్‌జోర్‌లో పిల్లల కాళ్లు పడిపోతున్నాయని కబురు వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత పోలియో తిరిగొచ్చిందని తేలింది. ప్రభుత్వం కాలు పెట్టలేని చోట జనం నమ్మే వైద్యులు ఉండబట్టే ఆ కబురు బయటికి పొక్కింది. మనకు అదృష్టవశాత్తు రెండు ప్రభుత్వాలు లేవు. ఉన్న ఒక్క ప్రభుత్వంలోనే జనం నమ్మగల చెయ్యి ఒకటి వేరుగా ఉండాలి, అంతే. 2006 తర్వాత భద్రాచలం కేంద్రంగా సరిహద్దుకు రెండువైపులా సంచార క్లినిక్కులు నడిపిన అంతర్జాతీయ వైద్య సంస్థ ఎంఎస్ఎఫ్ డాక్టర్ల దగ్గరికి జనం ఎందుకు వచ్చారో గుర్తు చేసుకోండి. వాళ్లు మందిచ్చేటప్పుడు ఎవరి మనిషివని అడగలేదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. సున్నా లక్ష్యం దగ్గర పడుతున్నప్పుడు కేసును బయటిది అని రాసేసే ప్రలోభం పెరుగుతుంది. దిగుమతి కేసు మన సున్నాను చెడగొట్టదు కదా. గొత్తికోయ పేరు కనబడగానే ఛత్తీస్‌గఢ్ అని టిక్కు పెడితే పని అయిపోతుంది. కాని నిర్వచనం ప్రకారం చూడాల్సింది రోగం ఎక్కడ సోకిందన్నది, మనిషి ఎక్కడ పుట్టాడన్నది కాదు. ఇక్కడే పుట్టి, నెల రోజులుగా గూడెం దాటని పిల్లకు పీఎఫ్ వస్తే ఆ దోమ మన మండలం దోమే. ప్రతి పాజిటివ్‌కూ గత నెల ఎక్కడ పడుకున్నారన్న ఆరా తీసి తేల్చమనండి. ఆ ఆరాకు నిజమైన జవాబు రావాలన్నా పైన చెప్పిన ఉత్తర్వే దిక్కు.

జ్వరం ఉన్నవాళ్లనే చూస్తే చాలదన్నది బస్తర్ నేర్పింది. 2020 జనవరిలో అక్కడ మలేరియా ముక్త్ బస్తర్ అని మొదలుపెట్టి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటా అందరికీ పరీక్ష చేశారు. తొలి విడతలో 14 లక్షల మందికి పైగా చూస్తే 64 వేల పైచిలుకు పాజిటివ్‌లు. అందులో సగానికి పైగా మనుషులకు జ్వరమే లేదు, హాయిగా పనికి పోతున్నారు. వాళ్ల రక్తంలోంచే దోమ ఎత్తుకుపోతుంది. ఒడిశా దమన్ పేరుతో 2017 నుంచి ఇలాంటి పనే దుర్గమ ప్రాంతాల్లో చేస్తోంది. ఇటు బస్తర్, పక్కనే మల్కన్‌గిరి అందరికీ సూది పొడుస్తుంటే మధ్యలో మనం, 2014లో ఆంధ్రలోకి పోయిన చింతూరు, కూనవరం మండలాలు జ్వరం వచ్చినవాళ్ల కోసం కూచుంటే ఎట్లా? వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, గూడేల్లో అందరికీ చెయ్యాలి. తేదీలు సుక్మా, బీజాపూర్ జిల్లాల తేదీలతో కలవాలి. లేకపోతే వాళ్లు అటు చూసిన మనిషి అప్పుడు ఇటు ఉంటాడు, మనం చూసేనాటికి అటు పోతాడు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో కూలీలు దిగుతారు. చేల పక్కనే పట్టాలు వేసుకుని పడుకుంటారు. రైతుకు వాళ్లు లేనిదే కోత లేదు. కోతకు పిలిచిన మేస్త్రీ చేతికి, జ్వరం వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో రాసిన చీటీ, నాలుగు దోమతెరలు ఇస్తే సగం పని అయినట్టే. అలాగే ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. గూడెంలో జ్వరం మొదట మంత్రం వేసే వడ్డె దగ్గరికి, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరికి, బతికుంటే ఆఖరున పీహెచ్‌సీకి వస్తుంది. సూదేసే ముందు కిట్టు మీద ఒక్క చుక్క వెయ్యమని చెప్పి, కిట్లు మీరే ఇచ్చి, కబురు చెప్పినందుకు ఏమీ అనబోమని మాటివ్వండి. పీవీ తేలినవాడికి 14 రోజుల మాత్రలు ఇచ్చేటప్పుడు చేతికో చిన్న కార్డివ్వండి, బొమ్మలతో. అటు బీజాపూర్‌లో చూపించినా ఇటు ములకలపల్లిలో చూపించినా మిగతా మాత్రలు అందేలా. దానిమీద పేరుండక్కర్లేదు, ఏ రోజు మాత్ర మింగాడో గుర్తుంటే చాలు.

చివరిది కష్టమైనది. 1985లో ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం మధ్య పిల్లలకు టీకాల కోసం ప్రభుత్వమూ గెరిల్లాలూ మూడు రోజులు కాల్పులు ఆపారు. యునిసెఫ్ మధ్యన నిలబడింది. శ్రీలంకలో పోలియో చుక్కల రోజుల్లో ఇలాగే జరిగింది. 2024లో గాజా మురుగునీటిలో పోలియో వైరస్ బయటపడ్డాక, సెప్టెంబరులో ప్రాంతాల వారీగా కొన్ని గంటలు దాడులు ఆపి 5 లక్షల 59 వేల మంది పిల్లలకు చుక్కలేశారు. అంతటి పగలున్న చోటే అది సాధ్యపడింది. మన దగ్గర సర్వే జరిగే ఆ పది, పదిహేను రోజులు, ఆ గూడేల చుట్టూ కూంబింగ్ వద్దని, తొలగింపులు వద్దని, కందకాలు తవ్వొద్దని మీరు ఎస్పీగారితో, జిల్లా అటవీ అధికారితో మాట్లాడి ఒప్పించగలరు. ఛత్తీస్‌గఢ్ వైపు సంగతి రాష్ట్ర ప్రభుత్వం మాట్లాడాలి. ఆయుధం పట్టినవాళ్లు ఎవరు మిగిలినా వాళ్లకూ నాదిదే మాట. ఆశా నడిచే దారిలో మందుపాతర పెట్టకండి, ఆమెను ఇన్ఫార్మరనకండి. పోలీసు పక్షం చూపని మర్యాద మేమెందుకు చూపాలంటారేమో. మీవాళ్లు కూడా ఈ అడవిలో జ్వరాలతోనే పోయారు కాబట్టి.

ఖర్చెక్కువ అంటారన్న భయం నాకు లేదు, ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. అడ్డం పడేది వేరే మాట. వీళ్లకింత చేస్తే ఇంకా వస్తారు, అడవి మిగలదు అంటారు. ర్యాపిడ్ కిట్టు కోసం ఎవడూ రాష్ట్రం దాటి రాడు. అడవి సంగతి, భూమి సంగతి కోర్టుల్లో, సచివాలయంలో తేల్చండి, నేను అడ్డు రాను. పూసుగూడెం పంపుహౌసు నుంచి సీతారామ కాలవలోకి గోదావరి నీళ్లు ఎత్తడానికి మండలమంతా ఏళ్లకేళ్లు ఓపిక పట్టింది. ఒక రిజిస్టరును మూడు శాఖల కంట పడకుండా ఉంచడానికి అంత ఓపిక అక్కర్లేదు.

ఉత్తర్వు వస్తే దాని ప్రతులు జిల్లా వైద్యాధికారికి, ఎస్పీగారికి, అటవీ అధికారికి, ఐటీడీఏ పీఓ గారికి పోతాయి, తెలుసు. ఒక ప్రతిని పీహెచ్‌సీ గోడకు అంటించండి. ఇంకొకటి కోయ మాటలో చదివి వినిపించడానికి మనిషిని పెట్టండి. గూడేలకు పోయే దారులు తెలిసినవాణ్ణి, పింఛను మీద బతుకుతున్నవాణ్ణి. జీతమక్కర్లేదు, పిలిస్తే ఆ మనిషి వెంట నేనూ నడుస్తాను. వాగులు పొంగకముందే పిలవండి.

ఇట్లు,
ములకలపల్లి మండల నివాసి, రిటైర్డ్ మలేరియా ఉద్యోగి